మబ్బు పట్టని రోజు

ఫుజి కొండ టోపీ పెట్టుకుంటే వాన దగ్గర్లో ఉన్నట్టేనని దాని పాదాన బతికే జపాన్ పల్లెల్లో తరతరాలుగా ఒక మాట. శిఖరాన్ని కప్పుతూ గుండ్రంగా వాలే ఆ మబ్బును వాళ్ళు కసగుమొ అంటారు. కస అంటే గడ్డితో అల్లిన వానటోపీ. వెనకటి రోజుల్లో మన రైతులు నాట్లప్పుడు నెత్తిన వేసుకున్న తాటాకు గిడుగుకు అది దూరపు చుట్టం. అక్కడే ఇంకో మబ్బు కూడా పుడుతుంది. అది శిఖరం మీద వాలదు. గాలి పోయే దిక్కున, కొండకు కాస్త ఎడంగా, పైనుంచి దారం కట్టి వేలాడదీసినట్టు ఒంటరిగా నిలబడుతుంది. దాని పేరు త్సురుషిగుమొ, అంటే వేలాడే మబ్బు.

ఈ రెండో మబ్బు ఫొటో ఒక్కసారి చూసినా మరవడం కష్టం. మామూలు మబ్బు అంచులు దూదిపింజల్లా చెదిరి ఉంటాయి. దీని అంచులు కుమ్మరి సారె మీద తడిచేత్తో నునుపు చేసినట్టుంటాయి. ఒక్కోసారి పళ్ళెం మీద పళ్ళెం బోర్లించినట్టు మూడు నాలుగు అంతస్తులు పేరుకుంటుంది. పొద్దు వాలేవేళ కింది అంచుకు రాగి రంగు పడుతుంది. అన్నిటికంటే వింత ఏమిటంటే, చుట్టుపక్కల తునకలన్నీ గాలికి కొట్టుకుపోతున్నా ఇది కదలదు. గంట తరవాత వచ్చి చూసినా అక్కడే ఉంటుంది. ఆ చోట గాలే లేదనిపిస్తుంది. కానీ ఆ మబ్బు లోంచి గాలి అతి వేగంగా దూసుకుపోతూ ఉంటుంది.

ఏట్లో నీళ్ళ కింద మునిగిన బండ ఉంటే, పడవ నడిపేవాడికి బండ కనిపించదు. దాని దిగువన లేచి నిలిచిన అల కనిపిస్తుంది. నీళ్ళు పారిపోతూనే ఉంటాయి, అల మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కొండ మీదుగా వీచే గాలిదీ అదే తీరు. శిఖరం దాటిన గాలి అవతలి వాలున ఒక్కసారిగా కిందికి జారుతుంది, మళ్ళీ ఎగుస్తుంది, మళ్ళీ జారుతుంది. ఎగిసినచోట చల్లబడి, లోపలి తేమ సన్నని నీటి తుంపరై మబ్బు కడుతుంది. దిగినచోట వేడెక్కి ఆ మబ్బు కరిగిపోతుంది. అంటే వేలాడే మబ్బు ఒక అంచున నిమిషం నిమిషం పుడుతూ, రెండో అంచున నిమిషం నిమిషం పోతూ, మధ్యలో ఒకే ఆకారంగా మన కంటికి నిలుస్తోంది. దాని కింద, అల విరిగే చోట, గాలి దొర్లుతుంది. ఏటి సుడి నిలువుగా తిరిగితే, ఈ సుడి నేల మీద పడేసిన రోకలిలా అడ్డంగా పొర్లుతుంది. అందులో పైకి లేచే గాలీ కిందికి పడే గాలీ పక్కపక్కనే ఉంటాయి.

అల వేరు, మబ్బు వేరు. మబ్బు అలకు గుర్తు, అంతే. గాలిలో తేమ చాలినంత లేకపోతే అల అంతే ఎత్తున లేస్తుంది, సుడి అంతే బలంగా పొర్లుతుంది, గుర్తు మాత్రం పడదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది. నేను చెప్పబోయే ప్రమాదమంతా ఈ చిన్న తేడాలోనే ఉంది.

ఫుజికి ఆగ్నేయంగా, కొండ పాదాన, గోటెంబా అనే ఊరుంది. చలికాలపు వాయవ్యపు గాలి శిఖరాన్ని దాటి దిగేది ఈ ఊరి వైపే. 1920ల చివర మసనావో అబె అనే ఆయన ఇక్కడ మబ్బుల కోసమే ఒక పరిశోధనశాల పెట్టుకున్నాడు. 1891లో పుట్టాడు. ఒకప్పుడు ఫుకుయామాను ఏలిన వంశం, కౌంట్ హోదా. భౌతికశాస్త్రం చదివాడు. సినిమా అంటే చిన్ననాటి నుంచీ ప్రాణం. ఆ రెండు ఇష్టాలూ కలిసి ఆయన్ని ఈ కొండ ముందు కూర్చోబెట్టాయి. రెండు చోట్ల కెమెరాలు నిలబెట్టి ఒకే మబ్బును ఒకే క్షణాన పట్టాడు. సినిమా రీలు మీద నింపాదిగా తీసి, వేగంగా తిప్పి చూశాడు. కదలదనుకున్న మబ్బులో గాలి పరుగులు తీయడం అలా తెరమీద కనిపించింది. టోపీ మబ్బులను, వేలాడే మబ్బులను ఆకారాన్ని బట్టి తరగతులుగా విడదీశాడు. ఏళ్ళ తరబడి ఒకే కొండ, ఒకే కిటికీ. ఆయన ఫొటోలు చూస్తే నాకు ముందుగా తోచేది ఆయన ఓపిక.

కొండ మీద గాలి అల గురించి తెలిసినవాళ్ళు ఆయన ఒక్కడే కాదు. 1930లలో ఐరోపాలోని రీజెన్‌గెబిర్గె కొండల దగ్గర జర్మన్ గ్లైడర్ పైలట్లు ఇలాంటి అలలు పట్టుకుని పైకి లేచారు. అక్కడి కదలని మబ్బుకు ఒక రైతు పేరే స్థిరపడిపోయింది, అందరికంటే ముందు దాన్ని గమనించింది అతనేనని. 1950ల మొదట్లో అమెరికాలోని సియెర్రా నెవాడా కొండల దగ్గర శాస్త్రజ్ఞులు పనిగట్టుకుని ఈ అలల్లోకి గ్లైడర్లు పంపారు. 1955లో ఒక గ్లైడర్ ఆ అడ్డ సుడిలో పడి గాలిలోనే ముక్కలైంది. నడిపినాయన పారాషూట్ పుణ్యాన బతికాడు. కాబట్టి 1966 నాటికి ఇది ఎవరికీ తెలియని సంగతి కాదు. పుస్తకాల్లో ఉంది, ప్రయోగాల్లో తేలింది. గోటెంబా వాళ్ళకైతే తరచూ కిటికీలో కనిపించింది.

1966 ఆకాశానికి చెడ్డ ఏడాది. జనవరి 24న ఎయిర్ ఇండియా వారి ‘కాంచనజంగ’ అనే బోయింగ్ 707 ఆల్ప్స్‌లోని మాబ్లాంక్‌ను ఢీకొట్టింది. 117 మంది పోయారు. వారిలో హోమీ భాభా ఉన్నారని మనకు తెలుసు. ఫిబ్రవరి 4న జపాన్‌లో ఆల్ నిప్పన్ వారి 727 టోక్యో అఖాతంలో పడింది. 133 మంది. మార్చి 4 రాత్రి పొగమంచులో టోక్యో హనెడా విమానాశ్రయంలో దిగబోయిన కెనడియన్ పసిఫిక్ వారి డీసీ-8 దీపాల స్తంభాలకు, సముద్రపు గట్టుకు తగిలి కాలిపోయింది. 72 మందిలో 64 మంది పోయారు.

ఆ పొగమంచు వేళే హనెడాకు రావలసిన ఇంకో విమానం ఉంది. బ్రిటిష్ ఓవర్సీస్ ఎయిర్‌వేస్ వారి 911 నంబరు విమానం, బోయింగ్ 707. భూమి చుట్టూ తిరిగే సర్వీసు. శాన్ ఫ్రాన్సిస్కో, హోనొలులు మీదుగా టోక్యో వచ్చి హాంగ్‌కాంగ్ పోవాలి. వాతావరణం బాగాలేదని దాన్ని ఫుకుఓకాకు మళ్ళించారు. ఆ రాత్రికి అది ప్రాణం కాపాడిన మళ్ళింపు. మరుసటి రోజు, మార్చి 5 శనివారం, మధ్యాహ్నం 12 గంటల 43 నిమిషాలకు అది హనెడాలో దిగింది. అప్పటికి పొగమంచు విడిపోయింది. ఆకాశం తేటపడింది. వాయవ్యం నుంచి బలమైన గాలి.

మధ్యాహ్నం విమానం మళ్ళీ బయలుదేరి రన్‌వే వైపు కదులుతున్నప్పుడు తీసిన ఫొటో ఒకటి ఉంది. ముందు నేల మీద, ముందటి రాత్రి కాలిపోయిన డీసీ-8 శిథిలాలు. వెనకాల, తెల్లగా మెరుస్తూ, తోక మీద తన కంపెనీ రంగుతో, వెళ్తున్న 707. ఆ కిటికీల వెనక ఉన్నవాళ్ళు బూడిద వైపు చూసే ఉంటారు. తమది నిన్న తప్పిందని కొందరైనా లోపల దణ్ణం పెట్టుకుని ఉంటారు.

లోపల 113 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది. ప్రయాణికుల్లో 75 మంది ఒకే బృందం. అమెరికాలోని మినియాపొలిస్‌కు చెందిన, లారీలకు శీతల యంత్రాలు తయారుచేసే థర్మో కింగ్ కంపెనీ డీలర్లు, అధికారులు, వాళ్ళ జీవిత భాగస్వాములు. జపాన్, ఆగ్నేయాసియా చూసిరావడానికి 14 రోజుల యాత్ర. పిల్లల్ని ఇళ్ళలో, చుట్టాల దగ్గర వదిలి వచ్చినవాళ్ళు.

ఎక్కవలసి ఉండి ఎక్కనివాళ్ళు కూడా ఉన్నారు. జేమ్స్ బాండ్ సినిమా ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’ చిత్రీకరణకు చోట్లు వెతకడానికి వచ్చిన నిర్మాతలు, దర్శకుడు, కళాదర్శకుడు, ఛాయాగ్రాహకుడు ఆఖరి నిమిషంలో నింజాల విద్యాప్రదర్శన చూడాలని టికెట్లు మానుకున్నారు. ఈ ప్రమాదం ఎక్కడ ప్రస్తావనకు వచ్చినా ముందు ఆ కథే చెబుతారు. బతికినవాళ్ళ అదృష్టం చెప్పుకోవడం తప్పని అనను. కానీ ఆ కథ దగ్గరే ఆగిపోతే 124 మంది మీద రెండోసారి మన్ను కప్పినట్టు అవుతుంది.

కెప్టెన్ బెర్నార్డ్ డాబ్సన్. వయసు 45. ముందు దాఖలు చేసిన దారి దక్షిణాన ఓషిమా ద్వీపం మీదుగా పోయేది. బయలుదేరే ముందు ఆయన దారి మార్చి అడిగాడు: కంటిచూపు మీద ఆధారపడి పైకెక్కుతూ, పడమటగా ఫుజి మీదుగా వెళ్తామని. ఆకాశం తేటగా ఉన్న రోజున అలా అడగడం మామూలే, ఇవ్వడమూ మామూలే. ఆ దారి ప్రయాణికుల కిటికీల్లోకి కొండను తెస్తుంది. జపాన్ వచ్చినవాడెవడు ఫుజిని చూడకుండా పోవాలనుకుంటాడు?

13 గంటల 58 నిమిషాలకు విమానం నేల విడిచింది.

ఫుజి ఎత్తు 3,776 మీటర్లు. దాని నెత్తిన వాతావరణ కేంద్రం ఉంది. 1932 నుంచి 2004 దాకా ఏడాది పొడవునా అక్కడ మనుషులు ఉండి కొలతలు తీశారు. ఈ ప్రమాదానికి రెండేళ్ళ ముందే, 1964లో, అక్కడికి పెద్ద రాడార్ కూడా ఎక్కించారు. ఆ రోజు శిఖరం మీద వాయవ్యపు గాలి 60 నుంచి 70 నాట్ల వేగంతో వీస్తోంది. గంటకు 110 నుంచి 130 కిలోమీటర్లు. విమానం వస్తున్నది తూర్పు నుంచి, కొండకు గాలి దిగే వైపు నుంచి. ఎత్తు సుమారు 4,900 మీటర్లు. శిఖరం కంటే కిలోమీటరు పైచిలుకు ఎక్కువ. మంచి ఎండలో, తెల్లని మంచుకొండను ఎదురుగా పెట్టుకుని, ఆ ఎత్తు ఎవరికైనా చాలా దూరంగానే అనిపిస్తుంది.

ప్రయాణికుల్లో ఒకరి దగ్గర 8 మిల్లీమీటర్ల సినిమా కెమెరా ఉంది. కిటికీ పక్కన కూర్చుని బయటికి తీస్తూ వచ్చారు. తరవాత శిథిలాల్లో ఆ కెమెరా దొరికింది. ఫిల్ము కడిగి చూశారు. తంజావా కొండలు వచ్చాయి. యమనకా సరస్సు వచ్చింది. అంతవరకూ ఏ కుదుపూ లేదు, యాత్రికుడి చేతిలోని మామూలు బొమ్మ. తరవాత రెండు ఫ్రేములు ఎగిరిపోయాయి. లోపలి యంత్రం పట్టు తప్పేంత దెబ్బ అది. ఆ తరవాత మసకగా సీటో, నేల మీది తివాచీయో, విమానం లోపలి భాగం. అంతే.

నాకు ఈ మొత్తం కథలో ఆ రెండు ఖాళీ ఫ్రేములను దాటి ముందుకు పోవడం కష్టమవుతుంది. సెకనులో చిన్న తునక. దానికి ఇవతల సరస్సు మీద ఎండ, అవతల చేతిలోంచి జారిన కెమెరా. గోటెంబాలో మసనావో అబె ఏళ్ళ తరబడి సినిమా ఫిల్ము మీద పట్టాలని చూసింది ఈ గాలినే. మబ్బు ఉన్న రోజుల్లో అది ఆయనకు చిక్కింది. మబ్బు లేని రోజున, పేరు తెలియని ఒక యాత్రికుడి కెమెరాకు రెండు ఫ్రేముల చీకటిగా చిక్కింది. అబె పోయింది కూడా ఆ 1966లోనే.

తరవాత జరిగింది నేల మీద పడ్డ ముక్కల వరసను బట్టి దర్యాప్తు వాళ్ళు ఒక్కొక్కటే కూర్చుకున్నారు. ముందుగా నిలువు తోక ఊడింది. ఊడి, ఎడమకు కిందికి పోతూ, ఎడమవైపు అడ్డ తోకను కొట్టి విరిచింది. దాని రంగు మరక ఆ రేకు మీద దొరికింది. వెంటనే నాలుగు ఇంజన్లూ తమ ఆధారాల నుంచి ఎడమకు విరిగిపోయాయి. మిగిలిన తోక భాగమూ పోయింది. విమానం చదునుగా గిరగిరా తిరుగుతూ దిగింది. నేల చేరబోయే ముందు ముక్కు భాగం, కుడి రెక్క కొస విడిపోయాయి. ఫుజి పాదాన, గోటెంబా చుట్టుపక్కల జనం తలెత్తి చూశారు. నీలపు ఆకాశంలో తెల్లటి చార వదులుతూ విమానం పడుతోంది. ఆ చార మబ్బులా కనిపించినా అది ట్యాంకుల నుంచి చిమ్ముతున్న ఇంధనం. కొందరు కెమెరాలకు పని చెప్పారు. అందుకే ఆ పతనం ఫొటోలు ఈనాటికీ ఉన్నాయి. ముక్కలు 16 కిలోమీటర్ల పొడవునా పడ్డాయి. 124 మందిలో ఒక్కరూ మిగలలేదు.

అమెరికా నౌకాదళం తన స్కైహాక్ జెట్ ఒకదాన్ని గాలింపుకు పంపింది. యుద్ధానికి చేసిన గట్టి చిన్న విమానం అది. అదే చోటుకు వెళ్ళేసరికి దాన్నీ ఆ గాలి పట్టుకుంది. అందులోని కొలత పరికరం ఒకవైపు భూమ్యాకర్షణకు 9 రెట్లు, వెనువెంటనే ఎదురు దిక్కున 4 రెట్లు చూపించింది. పైలట్ ఎలాగో అదుపు తెచ్చుకుని తిరిగొచ్చాడు. ఆ అంకెలు వచ్చాకే 707కు ఏమైందో దర్యాప్తు వాళ్ళకు ఒక కొలత చిక్కింది. గోటెంబా మీద విమానం ఉన్నట్టుండి మామూలుకు మించిన గాలి తాకిడిలో పడిందని, దాన్ని తయారుచేసినప్పుడు వేసుకున్న హద్దును ఆ తాకిడి దాటిందని తేల్చారు. నిలువు తోక బోల్టుల రంధ్రాల్లో అలసట పగుళ్ళు కూడా కనిపించాయి. ఈ ప్రమాదానికి అవి కారణం కాదని పరీక్షల్లో తేలింది. కానీ మిగతా 707లను విప్పి చూస్తే వాటిలోనూ అలాంటి పగుళ్ళు బయటపడ్డాయి. వాటిని బాగుచేశారు. ఆ విధంగా ఈ 124 మంది చావు, పేరూ ఊరూ తెలియని ఎందరికో ఆయుష్షు పోసింది.

డాబ్సన్ తప్పు చేశాడని రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆయన దగ్గర శిఖరపు గాలి లెక్క ఉండవచ్చు, లేకపోవచ్చు. ఉన్నా, కళ్ళముందు తేటగా పరుచుకున్న ఆకాశం కాగితం మీది అంకె కంటే బలంగా మాట్లాడుతుంది. మనిషి కన్ను అలా తయారైంది. మబ్బు చూస్తే జాగ్రత్తపడుతుంది, వెలుగు చూస్తే నమ్ముతుంది.

మన తెలుగువాళ్ళకు కొండ మీది ఆకాశం ఏం చేయగలదో 2009 సెప్టెంబరు 2న తెలిసింది. నల్లమల మీద క్యుములోనింబస్ మబ్బుల్లో హెలికాప్టర్ తప్పిపోయి, మరునాడు పావురాలగుట్ట మీద దొరికినప్పుడు, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అందులోని ఐదుగురూ లేరు. ఆ వారమంతా ఊరూరా జనం నోట ఒకటే మాట: అంత మబ్బులో ఎందుకు వెళ్ళారు? ఆ ప్రశ్న అడగడానికి అక్కడ ఒక మబ్బు ఉంది. వేలెత్తి చూపడానికి నల్లగా, ఎత్తుగా ఒక ఆకారం ఉంది. ఫుజి దగ్గర పోయినవాళ్ళ వెనక మిగిలినవాళ్ళకు ఆ మాత్రం కూడా దక్కలేదు. మంచి ఎండలో, అందమైన కొండ ముందు, కనిపించని దేనివల్లో తల్లీ తండ్రీ పోయారని పసివాళ్ళకు ఎలా చెబుతారు?

ఈనాడు విమాన వాతావరణ హెచ్చరికల్లో కొండ అలలకు విడిగా ఒక గుర్తు ఉంది. మబ్బు ఉన్నా లేకపోయినా, గాలి దిక్కు, వేగం లెక్కగట్టి ఆ హెచ్చరిక వేస్తారు. గోటెంబా మీద టోపీ మబ్బు, వేలాడే మబ్బు ఇప్పటికీ వస్తాయి. జనం ఇప్పటికీ ఆగి ఫొటోలు తీస్తారు. ఆ ఫొటోలు మీ ఫోన్‌కు వచ్చినప్పుడు, ఆ నునుపు అంచుల అందం చూశాక, పక్కనే ఖాళీగా ఉన్న నీలాన్ని కూడా ఒకసారి చూడండి. 911 పడింది అలాంటి నీలంలోనే.

మినియాపొలిస్ నుంచి వచ్చిన ఆ 75 మంది బృందంలో భార్యాభర్తలుగా కలిసి వచ్చిన జంటలు 26. వాళ్ళు ఇళ్ళ దగ్గర వదిలి వచ్చిన పిల్లలు 63 మంది.